మీ ఊరి వ్యాసంలో గుడి గురించి రాయాలా? రాస్తే ఎంత రాయాలి?

నేను ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను. తెలుగు వికీపీడియాలో గ్రామ వ్యాసాలు రాస్తానని సాయంత్రం పేపర్లకు వచ్చేవాళ్ళలో చాలామందికి తెలుసు. "మేడమ్, మా ఊరి పేజీలో మా గుడి లేదు, ఎక్కించండి" అని కొందరు ఫోన్ తెరిచి చూపిస్తారు. "ఊరి పేజీ తెరిస్తే అంతా గుడి గురించే ఉంది, తీసేయొచ్చు కదా" అని ఇంకొందరు. ఇద్దరినీ నేను ముందు అడిగేది ఒకటే: ఆ గుడితో సంబంధం లేనివాళ్ళు ఎవరైనా దాని గురించి ఎక్కడైనా అచ్చులో రాశారా? రాసి ఉంటే ఏమని రాశారు? గుడి గురించి రాయాలా వద్దా, ఎంత రాయాలి అన్నది ముప్పాతిక వంతు అక్కడే తేలిపోతుంది.

అసలు పనిలోకి దిగే ముందు ఒక తికమక తీర్చుకోవాలి. వికీపీడియాలో విషయ ప్రాముఖ్యత అని ఒక నియమం ఉంది. ఫలానా విషయానికి విడిగా ఒక వ్యాసం ఉండొచ్చా లేదా అని తేల్చడానికి పెట్టుకున్న నియమం అది. ఉన్న వ్యాసం లోపల ఏ వాక్యం ఉండాలో అది చెప్పదు. ఊరు ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న ఆవాసం కాబట్టి దానికి వ్యాసం ఉంటుంది. ఆ వ్యాసంలో హైస్కూలు గురించి రాస్తాం, చెరువు గురించి రాస్తాం. ఆ స్కూలు రాష్ట్రంలో పేరున్న స్కూలా అని ఎవరూ అడగరు. రామాలయానికీ అంతే. "ఇది ప్రముఖ ఆలయం కాదు" అని కారణం రాసి వాక్యం తీసేయడం సరికాదు. అలాగని ఊళ్ళో ఉన్నంత మాత్రాన వ్యాసంలో ఉండి తీరాలనీ లేదు. రేషన్ షాపు కూడా ఊళ్ళో ఉంటుంది. వ్యాసం లోపల చూడాల్సినవి రెండు. రాసినదాన్ని చదివేవాళ్ళు వెళ్ళి సరిచూసుకోగలరా? మిగతా ఊరితో పోలిస్తే ఆ గుడికి అంత చోటు తగునా?

కొన్ని ఊళ్ళ విషయంలో ఆలోచించాల్సిన పనే లేదు. పాలంపేట గురించి రాస్తూ రామప్ప గుడి లేకుండా రాయలేం. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి అది. పల్నాడులో చేజర్లకు కపోతేశ్వరాలయం అలాంటిదే. బౌద్ధుల ప్రార్థనా మందిరమైన చైత్యాన్ని పోలిన, వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉండే (గజపృష్ఠాకారపు) గుడి కాబట్టి చరిత్రకారులు దాని గురించి ఎప్పటినుంచో రాస్తున్నారు. కృష్ణా, తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని దాన్ని విప్పి అలంపురానికి తరలించారు. అలాంటి ముంపు ఊరి వ్యాసంలో గుడి తరలింపు కూడా ఊరి చరిత్రే. ఇలాంటి గుళ్ళకు విడి వ్యాసాలు ఉంటాయి. ఊరి వ్యాసంలో మూడు నాలుగు వాక్యాలు రాసి, ప్రధాన వ్యాసానికి లింకు ఇస్తే చాలు. రెండుచోట్లా అదే సమాచారం పోస్తే ఒకటి దిద్దినప్పుడు రెండోది పాతబడిపోతుంది.

చిక్కంతా మిగతా వేల ఊళ్ళది. ఒక రామాలయం, ఒక ఆంజనేయస్వామి గుడి, ఊరి చివర వేపచెట్టు కింద పోలేరమ్మ. వీటి గురించి ఎక్కడ వెతకాలి?

నేను మొదట తీసే పుస్తకం 1961 జనగణనతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు జిల్లాకొకటి చొప్పున వేసిన 'ఫెయిర్స్ అండ్ ఫెస్టివల్స్' సంపుటం. గూగుల్‌లో ఊరి పేరు కొడితే ఇది పైకి రాదు. తాలూకాల వారీగా, ఊరి వారీగా ఉంటుంది. ఊరు ఏ పట్నానికి ఎన్ని మైళ్ళ దూరం, జనం ఎంత, ఏ పనులు చేసి బతుకుతారు, ఏ ఏ గుళ్ళున్నాయి, ఉత్సవం ఏ తిథినాడు, ఎన్ని రోజులు, పూజారి ఎవరు, జనం ఎక్కడెక్కడి నుంచి వస్తారు, ఇవన్నీ ఇంగ్లీషులో పొట్టి పొట్టి వాక్యాల్లో ఉంటాయి. వివరం చివర ఆ సమాచారం ఎవరిచ్చారో కూడా వేశారు. చాలాచోట్ల అది ఆ ఊరి బడిపంతులు పేరు. లాంతరు వెలుగులో కూర్చుని తన ఊరి జాతర గురించి రాసి పంపిన ఒక టీచరు అరవై ఏళ్ళ తర్వాత మన వ్యాసానికి మూలం అవుతున్నారంటే, ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ నాకు వాళ్ళమీద గౌరవం పెరుగుతుంది. అన్ని ఊళ్ళూ అందులో లేవు. ఉన్న ఊరికి మాత్రం అంతకు మించిన మూలం దొరకడం కష్టం.

కోస్తా, రాయలసీమ ఊళ్ళకు రాబర్ట్ స్యూయెల్ 1882లో వేసిన మద్రాసు ప్రెసిడెన్సీ పురాతన కట్టడాల జాబితా ఉంది. అందులో ఊరికి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి: పాత శివాలయం ఉంది, శాసనం ఉంది, వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) ఉంది, ఇలా. అందులో చాలా భాగం ఆయన స్వయంగా చూసి రాసింది కాదు, స్థానిక అధికారులు పంపిన సమాచారం. కాబట్టి "స్యూయెల్ జాబితాలో ఇక్కడ పాత శివాలయం ఉన్నట్టు నమోదైంది" అని రాయొచ్చు. "ఈ గుడి చాలా పురాతనమైనదని స్యూయెల్ నిర్ధారించాడు" అని రాయకూడదు. ఇక మెకంజీ కైఫియత్తులు. 1800 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ, ఊరి కరణాలు చెప్పినవి, వాళ్ళ దగ్గరున్న కవిలెల్లో (పాత లెక్కల పుస్తకాల్లో) ఉన్నవి రాయించుకున్న రికార్డులు అవి. గుంటూరు, కడప జిల్లాల కైఫియత్తులు పుస్తకాలుగా వచ్చాయి. ఊరు ఎలా వెలిసింది, గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరిచ్చారు అన్న కథలు వాటిలో ఉంటాయి. కథను కథలాగే, "కైఫియత్తు ప్రకారం" అని చెప్పి రాస్తే చాలు. తెలంగాణ ఊళ్ళకు లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో వేసిన తెలంగాణా శాసనాల సంపుటం, ఆ తర్వాత జిల్లాల వారీగా వచ్చిన శాసన సంపుటాలు చూడాలి. ఆంధ్ర ప్రాంతపు శాసనాలకు 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్'. అందులో పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే.

వెతికేటప్పుడు అందరూ తడబడేది ఊరి చిరునామా దగ్గర. ఈ పుస్తకాల్లో మండలాలు ఉండవు, ఎందుకంటే మండలాలు వచ్చింది 1985లో. తాలూకా పేరుతో వెతకాలి. జిల్లాలూ మారాయి. స్యూయెల్ పుస్తకంలో చేజర్ల కృష్ణా జిల్లా నరసరావుపేట తాలూకా కింద ఉంటుంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళకు ఇంకా తిప్పట ఎక్కువ, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లోనే కదా. తెలంగాణలో 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టారు. అందుకని వెతకడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఇప్పటి మండలం, పాత తాలూకా, 1961లో జిల్లా, 1882లో జిల్లా. ఇది చేయకుండా కొత్తపల్లి అనో రామాపురం అనో వెతికితే వేరే కొత్తపల్లి గుడిని తెచ్చి మీ ఊళ్ళో పెడతారు. అలా జరిగిన వ్యాసాలు నేను చూశాను. ఆ పొరపాటు అక్కడితో ఆగదు. వికీ నుంచి ఊరి వెబ్‌సైటుకు, అక్కడి నుంచి జాతర కరపత్రానికి పాకుతుంది.

శాసనం దొరికితే సంతోషమే, కానీ చదివేటప్పుడు జాగ్రత్త. శక సంవత్సరానికి 78 కలిపితే మామూలుగా క్రీస్తుశకం వస్తుంది. పుష్యం నుంచి ఫాల్గుణం లోపు తిథి అయితే 79 కలపాల్సి రావచ్చు. రామప్ప శాసనం శక 1135 నాటిది, అంటే 1213. అది కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడి కట్టించి ప్రతిష్ఠ చేయించిన సంగతి చెప్పే శాసనం కాబట్టి గుడి ఎప్పటిదో దాన్నిబట్టి చెప్పొచ్చు. మన ఊళ్ళలో దొరికే శాసనాల్లో ఎక్కువ అలాంటివి కావు. ఫలానా ఆయన స్వామికి అఖండదీపం పెట్టించాడు, దానికి గొర్రెలు ఇచ్చాడు, లేదా ఇన్ని మర్తురుల (అప్పటి నేల కొలత) నేల ఇచ్చాడు అని ఉంటుంది. అలాంటి శాసనం చెప్పేది ఒక్కటే, ఆ ఏటికి అక్కడ ఆ దేవుడున్నాడని. గుడి అంతకు ఎంత ముందు కట్టారో చెప్పదు. ఇప్పుడు కళ్ళెదుట ఉన్న కట్టడం అదేనని కూడా చెప్పదు. "ఈ గుడికి శక ఫలానా సంవత్సరంలో దీపదానం జరిగినట్టు శాసనం ఉంది" అని రాయండి. అందరూ అక్కడి నుంచి గెంతి "800 ఏళ్ళ నాటి ఆలయం" అనేస్తారు.

మరి గుడి గోడకున్న శిలాఫలకం సంగతి? ధ్వజస్తంభ ప్రతిష్ఠ తేదీ, దాతల పేర్లు, ఇచ్చిన మొత్తాలు. ఆ రాయి అబద్ధం చెప్పదు, తేదీ వరకు తీసుకోవడంలో నష్టం లేదు. దాతల పేర్లు మాత్రం వద్దు. వాళ్ళు మామూలు మనుషులు. ఒకరి పేరు వేస్తే పక్కాయన వచ్చి తన పేరెందుకు లేదని అడుగుతాడు, రేపు మొత్తం జాబితా వ్యాసంలోకి దిగుతుంది. దేవాదాయ శాఖ రికార్డు చూపించి "మాది 6(ఎ) గుడి మేడమ్" అనేవాళ్ళూ ఉన్నారు. 1987 చట్టం కింద 6(ఎ), 6(బి), 6(సి) అని విడగొట్టేది ఏటా వచ్చే ఆదాయాన్ని బట్టి. చరిత్రను బట్టీ కాదు, కట్టడాన్ని బట్టీ కాదు. గుడి శాఖ పరిధిలో ఉందని ఒక ముక్క రాయడానికి ఆ రికార్డు పనికొస్తుంది, అంతకు మించి బలం దానికి లేదు. కేంద్ర పురావస్తు శాఖ గానీ రాష్ట్ర శాఖ గానీ రక్షిత కట్టడంగా ప్రకటించి ఉంటే అది వేరు. ఆ గుడిని వ్యాసంలోంచి తీసేసే ప్రశ్నే రాదు.

పేపర్లు. జిల్లా ఎడిషన్లలో మన గుళ్ళ వార్తలు బోలెడు. ఫలానా తేదీన కుంభాభిషేకం వైభవంగా జరిగింది, అన్నదానం చేశారు, భక్తులు పోటెత్తారు. గ్రామ వ్యాసాల్లో గుడి విభాగం ఉబ్బిపోయేది ఎక్కువగా ఈ వార్తల వల్లే. ఏ ఏడుకా ఏడు ఒక పేరా చేరుతుంది. పేపర్లో పడింది కాబట్టి మూలం ఉన్నట్టేగా అని అడుగుతారు. మూలం ఉంది, నిజమే. కానీ ఆ వార్త ఆ రోజు ఏం జరిగిందో చెప్పింది తప్ప గుడి గురించి చెప్పింది తక్కువ. అదే పేపర్లో ఆదివారం అనుబంధంలో ఎవరైనా వెళ్ళి చూసి, కట్టడం గురించి, ఆచారం గురించి ఒక పూర్తి కథనం రాస్తే దాని విలువే వేరు. వార్త కత్తిరింపులు ఎన్ని ఉన్నా, అలాంటి కథనం ఒక్కటి ఉంటే నేను దాన్నే వాడతాను.

ఇప్పుడు రాయడం. నాకు తరచూ ఎదురయ్యే పేరా ఇలా ఉంటుంది:

"గ్రామములో వేంచేసియున్న శ్రీ ప్రసన్నాంజనేయస్వామివారి ఆలయము అతి పురాతనమైనది, మిక్కిలి మహిమాన్వితమైనది. కోరిన కోర్కెలు తీర్చే స్వామిగా భక్తుల పాలిట కొంగుబంగారమై విరాజిల్లుచున్నారు. ఈ సంవత్సరము హనుమజ్జయంతి ఉత్సవములు అంగరంగ వైభవంగా జరిగినవి. చుట్టుప్రక్కల గ్రామములనుండి వేలాదిగా భక్తులు తరలివచ్చి స్వామివారి కృపకు పాత్రులైనారు. దాతల సహకారముతో నూతన ధ్వజస్తంభ ప్రతిష్ఠ జరిగినది."

ఒక్కో ముక్కా పట్టుకుని చూడండి. "అతి పురాతనమైనది" అంటే ఎప్పటిది? తెలియకపోతే ఆ మాట పోవాలి. "మహిమాన్వితం", "కొంగుబంగారం" భక్తుడి మాటలు. గుడి ముందు నిలబడి అనుకోవాల్సినవి, విజ్ఞాన సర్వస్వం నోటి వెంట రావాల్సినవి కావు. నేనూ ఆ గుడికే వెళ్ళి దణ్ణం పెట్టుకునేదాన్నే, అయినా వ్యాసంలో ఆ మాట ఉంచను. "ఈ సంవత్సరం" అన్నది వచ్చే ఏడాదికి అర్థం లేకుండా పోతుంది. "వేలాది" ఎవరు లెక్కపెట్టారు? ఇవన్నీ తీసేశాక మిగిలిందానికి మూలం జత చేస్తే ఇలా అవుతుంది:

"గ్రామంలో ప్రసన్నాంజనేయస్వామి ఆలయం ఉంది. ఏటా వైశాఖ బహుళ దశమి నాడు హనుమజ్జయంతి ఉత్సవం జరుపుతారు. 1961 జనగణనలో భాగంగా ప్రచురించిన సంపుటంలో ఈ ఉత్సవం, దీనికి వచ్చే చుట్టుపక్కల ఊళ్ళ వివరాలు నమోదయ్యాయి."

మూడు వాక్యాలు. ఊరాయన ఒకరు దీన్ని చూసి "ఇంతేనా?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆ పెద్ద పేరాలో ఊరి పేరు, దేవుడి పేరు మార్చి ఇంకే ఊరికైనా అతికించొచ్చు. ఈ మూడు వాక్యాలు ఆ ఒక్క ఊరివే. తిథి ఇచ్చాం కాబట్టి ఏటా తేదీ మార్చాల్సిన పనీ లేదు. స్థలపురాణం ఉంటే, ఎవరో ఒక పుస్తకంలో దాన్ని సేకరించి వేసి ఉంటే, "స్థలపురాణం ప్రకారం" అని ఒక వాక్యం చేర్చొచ్చు. "త్రేతాయుగంలో రాములవారు ప్రతిష్ఠించారు" అని సూటిగా చరిత్రలా రాయకండి.

ఎంత రాయాలి అన్నదానికి లెక్క లేదు గానీ నేనొక పని చేస్తాను. వ్యాసం మొత్తం ఒకసారి పైనుంచి కిందికి చూస్తాను. పంటల గురించి రెండు వాక్యాలు, బడి గురించి ఒకటి, నీళ్ళ గురించి ఏమీ లేదు, గుడి గురించి తెర నిండా ఉందనుకోండి, తూకం తప్పినట్టే. గుడి భాగం కత్తిరించడం ఒక దారి. దానిలో మంచి మూలాలున్న సమాచారం ఉంటే కత్తిరించకుండా మిగతా ఊరిని పెంచడం ఇంకో దారి, అదే మేలైనది కూడా. చెరువు ఎప్పటిది, కాలువ ఎప్పుడొచ్చింది, ఊళ్ళో ఏ పంట పోయి ఏ పంట వచ్చింది అని రాసేవాళ్ళు దొరకట్లేదు.

అదే కొలత ఊళ్ళో అన్నిటికీ వర్తించాలి. మసీదు, చర్చి, దర్గా ఉంటే వాటికీ ఇదే ప్రశ్న, ఇదే మూలాల పరీక్ష. రామాలయానికి మూలం లేకుండా వాక్యం ఉంచి చర్చి వాక్యానికి మూలం అడిగితే అది పక్షపాతం, తిప్పి చేసినా పక్షపాతమే. ఇక నేను గట్టిగా పట్టుబట్టేది గ్రామదేవత విషయంలో. పోలేరమ్మకో పెద్దమ్మకో గోపురం ఉండదు, శిలాఫలకం ఉండదు, ట్రస్టు బోర్డు ఉండదు. ఊరి జీవితంలో మాత్రం ఆ కొలుపుకున్న చోటు ఎంతో పెద్దది. ఘటాలు ఎవరు ఎత్తుతారు, ముందు ఏ ఇంటి నుంచి బయలుదేరతారు, పంబ వాయించే పంబలవాళ్ళు ఏ ఊరి నుంచి వస్తారు, ఇవన్నీ ఊరు ఎలా ఏర్పడిందో చెప్పే సంగతులు. పైన చెప్పిన 1961 సంపుటాల్లో ఈ దేవతల ఉత్సవాలూ ఉంటాయి. ఊళ్ళో కొత్తగా కట్టిన సాయిబాబా గుడి గురించి పేరా ఉండి పోలేరమ్మ పేరే లేని వ్యాసం కనిపిస్తే, నేను ముందు పోలేరమ్మ కోసమే వెతుకుతాను.

ఫోటో ఒకటి చాలు, వికీపీడియా ఫోటోలు ఉంచే వికీమీడియా కామన్స్‌లో మీరు తీసిందే ఎక్కించండి. గోపురం, మండపం, శాసనపు రాయి బయట నుంచి తీయండి. గర్భగుడి జోలికి పోవద్దు. ముఖద్వారానికి నాయకుల ఫ్లెక్సీలు కట్టి ఉంటే అవి తీసేసిన రోజు మళ్ళీ వెళ్ళండి. శాసనం ఉంటే ఎండ ఏటవాలుగా పడే ఉదయం పూట తీస్తే అక్షరాలు లేచి కనిపిస్తాయి. రాయికి సున్నం, పసుపు, సుద్ద రాయకండి.

అన్నీ వెతికాక ఏమీ దొరకలేదనుకుందాం. అప్పుడు గుళ్ళ పేర్లతో ఒక్క వాక్యం ఉంచడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఫోటో ఉంటే ఇంకా మంచిది. అంతకు మించి ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పిన సంగతులు ఎంత విలువైనవైనా వ్యాసంలో పెట్టలేం. వాటికి వేరే చోటుంది: జిల్లా పత్రికకో స్థానిక చరిత్ర సంచికకో మీ పేరుతో వ్యాసం రాసి పంపండి. సంపాదకుడు చూసి అచ్చు వేస్తే, ఇంకో వికీపీడియన్ దాన్ని మూలంగా తీసుకునే వీలుంటుంది.

ఇప్పటికే ఎవరో రాసిన భాగం తీయాల్సి వస్తే చెప్పకుండా తీయకండి. మొదట మూలం అడిగే మూస (టెంప్లేట్) పెట్టి కొన్నాళ్ళు ఆగండి. తర్వాత తీసేసినా ఆ పేరాను వ్యాసానికి అనుబంధంగా ఉండే చర్చ పేజీలో అతికించి, ఎందుకు తీశారో రెండు మాటల్లో రాయండి. గుడి గురించి రాసినాయన చాలాసార్లు ఆ ఊరి కుర్రాడే అయి ఉంటాడు, అదే అతని మొదటి మార్పు కూడా కావచ్చు. "మీరు రాసిన ఉత్సవం తిథికి మూలం దొరికింది, ఉంచాను. ప్రతిష్ఠ తేదీకి దొరకలేదు, మీ దగ్గర పేపరు కత్తిరింపు ఉంటే చెప్పండి" అని రాస్తే అతను తిరిగొస్తాడు. మీరు వెతికిన పుస్తకాల పేర్లు, ఏ తాలూకా కింద వెతికారు, ఏ పేజీలో ఏముంది, దేనిలో ఏమీ లేదు అన్నవి కూడా అదే చర్చ పేజీలో పెట్టండి. లేదంటే తర్వాత వచ్చేవాళ్ళు ఆ సంపుటాలే మళ్ళీ మొదటి పేజీ నుంచి తిరగేయాల్సి వస్తుంది.